ముందు ఏ రంగు?

బొమ్మలు వేయడం ఎవరు నేర్పారని అడిగేవాళ్ళకు నేను పిల్లల పత్రిక చందమామ అట్ట పేరు చెబుతాను. అనకాపల్లి జిల్లా రావికమతంలో పెరిగిన నాకు చిత్రకళ నేర్పే కళాశాలలు ఉంటాయని తెలియకముందే ‘వ.పా.’ అనే సంతకం తెలుసు. ఆ సంతకం చేసిన వడ్డాది పాపయ్యగారు మా ఊరికి దగ్గర్లోని కశింకోటలోనే స్థిరపడ్డారన్న సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు. ఇంట్లో పట్టుబడ్డ విద్యే తప్ప ఏ ఆర్ట్ స్కూలులోనూ చదవలేదు. పసితనంలో రవివర్మ బొమ్మ ఒకటి చూసి గీయడంతో ఆయన చేయి కదిలిందని చెబుతారు. ఆ రవివర్మ నేర్చుకున్న తీరూ అలాంటిదే. తిరువాన్కూరు ఆస్థానంలో తైలవర్ణాల పని తెలిసిన రామస్వామి నాయుడు ఆ మెళకువలు చెప్పడానికి ఇష్టపడలేదు. అక్కడికి వచ్చిన విదేశీ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ తాను వేస్తుండగా చూడనిచ్చాడు, అంతవరకే. రవివర్మ చూసి పట్టుకున్నాడు. 1894లో బొంబాయిలో ఆయన అచ్చు యంత్రాలు పెట్టించాక లక్ష్మీ సరస్వతులు ఊరూరా ఇళ్ళ గోడలకెక్కారు. ఆ అచ్చుబొమ్మలు చూసి ఇంకెందరో చేయి తిప్పుకున్నారు. 1947లో మద్రాసులో మొదలైన చందమామకు పాపయ్యగారు దశాబ్దాలపాటు ముఖచిత్రాలు వేశారు. అవి మళ్ళీ మా వంటివాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. గురువు లేడనుకునే వాళ్ళకి కూడా గురుపరంపర ఉంటుంది. అది అచ్చు కాగితం మీద నడుస్తుంది.

అయితే అచ్చుబొమ్మ అన్నీ చెప్పదు. పూర్తయిన బొమ్మను చూపిస్తుంది గానీ దేని తరవాత ఏది వేశారో దాచేస్తుంది. అట్టమీది అమ్మాయి చీర ముందా, వెనకనున్న పొద ముందా? బుగ్గమీద ఎరుపు తడి మీద పెట్టారా, ఆరాక పెట్టారా? పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళుంటే ఒక్క మాటలో తేలిపోతుంది. లేనివాడు వెనక్కి నడవాలి. చివరి ముదురు గీత నుంచి మొదటి పలచటి పూత దాకా ఒక్కొక్కటే ఊహించుకుంటూ, కాగితం మీద సరిచూసుకుంటూ పోవాలి. నీటిరంగుల్లో తెలుపు కాగితానిదే కాబట్టి వెలుగును ముందే వదిలిపెట్టాలని, లేతది ముందు, ముదురు తరవాత అని అలాగే తెలుస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్న వరస ఒకనాటికి ఆలోచన అడగకుండానే చేతికి వస్తుంది. దాన్నే జనం పుట్టుకతో వచ్చిన విద్య అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అది ఆ మనిషి పడ్డ కష్టాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

వానాకాలంలో కళ్యాణపులోవ జలాశయం దగ్గర బొమ్మ వేయడం నాకు ఇష్టం. గాలిలో చెమ్మ ఉంటుంది, కాగితం త్వరగా ఆరదు. దగ్గరి జీడితోటలు పచ్చగా, వాటి వెనక కొండ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా, ఇంకా వెనకది నీలంగా కనిపిస్తాయి. దూరం పెరిగినకొద్దీ మధ్యనున్న గాలి చెదరగొట్టే నీలికాంతి కొండ రంగును కప్పేస్తుంది. ఈ కారణం నేను పుస్తకంలో చదివింది తరవాత. చేతికి ముందే తెలుసు. కాగితం మీద నీటి మెరుపు తగ్గి, తడి మాత్రం మిగిలి ఉండే కొద్ది క్షణాలుంటాయి. అప్పుడు కుంచె తాకిస్తే అంచు మెత్తగా మంచులా విచ్చుకుంటుంది. కాస్త ముందైతే రంగు ఇష్టమొచ్చినట్టు పారిపోతుంది, ఆలస్యమైతే గీత కత్తిరించినట్టు నిలబడుతుంది. ఆ క్షణం వచ్చిందో లేదో తేల్చుకుంటూ కూర్చుంటే అది దాటిపోతుంది. అక్కడ పని చేసేది చేతి జ్ఞాపకమే.

పాపయ్యగారి బొమ్మలను కలలోకమని మెచ్చుకుంటారు. నేను వాటిలో చూసేది మెలకువ. ఆయన నాయికల చుట్టూ ఉన్న మసక ఎక్కడ పడితే అక్కడ ఉండదు. ముఖం దగ్గర గీత తేరుకుంటుంది, చీర కుచ్చిళ్ళ దగ్గర కరిగి తీగల్లో కలిసిపోతుంది. మన కన్ను దేన్ని ముందు చూడాలో, దేన్ని వదిలేయాలో ఆయన నిర్ణయించి పెట్టారు. ఆ బొమ్మల్లోని అడవుల వెనక కనిపించే నీలం మాత్రం మన తూర్పుకనుమలదేనని నేను గట్టిగా నమ్ముతాను. వానపడ్డ సాయంత్రం ఈ కొండలు చూసినవాళ్ళు కాదనరు.

1992 డిసెంబరులో ఆయన వెళ్ళిపోయారు. ఆయన బొమ్మలు మనకు ఎక్కువగా అచ్చులోనే మిగిలాయి. ఇప్పుడు ఫోన్లలో కూడా తిరుగుతున్నాయి, సంతోషమే. కానీ అచ్చు దాచేది ఫోనూ దాస్తుంది. అసలు బొమ్మ ముందు నిలబడితే పూత అంచు ఎక్కడ ఆరిందో, కింద పెన్సిలు గీత ఎక్కడ మిగిలిందో, ఏ రంగు మీద ఏ రంగు వచ్చిందో కంటితో చదువుకోవచ్చు. అందుకే, ఆయన అసలు చిత్రాలు దాచుకున్నవాళ్ళు కొన్నింటినైనా ఇస్తే, అనకాపల్లిలో శాశ్వతంగా ఒక గది ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. రావికమతం, మాడుగుల, చోడవరం బడుల నుంచి పిల్లల్ని అక్కడికి బస్సులో తీసుకెళ్ళాలి. భూతద్దం ఒకటి చేతికివ్వాలి. ముందు ఏ రంగు వేశారో వాళ్ళనే కనిపెట్టమనాలి.