మన్యంలో మత్తు, మానసిక వైద్యం: గ్రామసభ అధికార పరిధి – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
రంపచోడవరం మన్యం రాజ్యాంగ ఐదవ షెడ్యూలు పరిధిలోని ప్రాంతం. ఇక్కడ మత్తుపదార్థాల నియంత్రణలో గ్రామసభకు చట్టబద్ధమైన పాత్ర ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి చికిత్స విషయంలో ఆ పాత్ర స్పష్టంగా లేదు. 1996 నాటి పెసా చట్టాన్ని, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని, 15వ ఆర్థికసంఘం ఆరోగ్య నిధులను కలిపి పరిశీలించి ఈ లోటును విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రంపచోడవరం, గ్రామసభ, పెసా, మద్యం, మానసిక ఆరోగ్యం, స్థానిక పాలన.

1. ఉపోద్ఘాతం:
మన్యంలో మద్యం ప్రశ్న ఏనాడూ కేవలం ఆరోగ్య ప్రశ్న కాదు. 1879 నాటి రంప పితూరీకి దారితీసిన కారణాలలో కల్లుపై విధించిన చిగురుపన్ను ఒకటి. 1922-24 నాటి పోరాటానికి ముందు అల్లూరి సీతారామరాజు మద్యపానం మానాలనీ, తగాదాలను పంచాయితీలలోనే పరిష్కరించుకోవాలనీ గిరిజనులకు ప్రబోధించాడు. ఈ రెండు సందర్భాలు పరస్పర విరుద్ధాలుగా తోచినా, వాటి మూలసూత్రం ఒక్కటే: తాగడంపైనైనా మానడంపైనైనా నిర్ణయం ఊరిదే. జీలుగుకల్లు పండుగలో, పెండ్లిలో పాలుపంచుకొనే పానీయం. దుకాణపు మద్యం ప్రభుత్వానికి ఆదాయవనరు. ఈ తేడాను గుర్తించని విధానం మన్యానికి సరిపడదు.

2. పెసా చట్టం – నిషేధ పదజాలం:
పెసా 4(ఎం) సెక్షన్ గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు మత్తుపదార్థాలను నిషేధించే, క్రమబద్ధం చేసే, పరిమితం చేసే అధికారాన్ని పేర్కొంటున్నది. ఈ క్రియలన్నీ సరుకుకు సంబంధించినవి. వ్యక్తికి సంబంధించిన క్రియ ఒక్కటీ లేదు. దీని పర్యవసానం తీవ్రమైనది. మద్యానికి తీవ్రంగా అలవాటుపడిన వ్యక్తి ఒక్కసారిగా మానివేస్తే మూర్ఛలు, మతిభ్రమ కలగవచ్చు, ప్రాణాపాయమూ సంభవించవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు, మద్యం అందని వారు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి పెద్దసంఖ్యలో చేరుకోవడం ఇందుకు నిదర్శనం. నగరంలో అటువంటి ఆసుపత్రి ఉంది. కొండమీది గూడెంలో దుకాణం మూయించే తీర్మానం వెంట వైద్యం రాకపోతే, ఆ తీర్మానం భారాన్ని రోగి, అతని ఇంటి ఆడవారు మోయవలసివస్తుంది.

3. 2017 చట్టం – పర్యవేక్షణలో లోటు:
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవలను పొందడం హక్కుగా ప్రకటించింది. అయితే ఆ హక్కును కాపాడే సమీక్షామండలి కూర్పులో న్యాయాధికారి, జిల్లా పాలనాయంత్రాంగ ప్రతినిధి, వైద్యులు, రోగుల లేదా సంరక్షకుల పక్షం వారు ఉంటారు. గ్రామసభకు స్థానం కల్పించలేదు. ఒక చట్టం ఊరికి అధికారమిచ్చి చికిత్సను మరచింది. మరొకటి చికిత్సనిచ్చి ఊరిని మరచింది.

4. నిధుల స్వరూపం:
15వ ఆర్థికసంఘం 2021-26 కాలానికి స్థానికసంస్థల ద్వారా ఆరోగ్యరంగానికి రూ.70,051 కోట్లు సిఫార్సు చేసింది. పరీక్షా సదుపాయాలు, ఉపకేంద్రాల భవనాలు, ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలు వంటివి ఆ పద్దులు. మానసిక వైద్యం ప్రత్యేక పద్దుగా లేదు. వెల్‌నెస్ కేంద్రాల 12 రకాల సేవలలో మానసిక వ్యాధుల ప్రాథమిక గుర్తింపు ఉన్నా, ప్రత్యేక కేటాయింపు లేని సేవ కాగితాన్ని దాటడం కష్టం. పైగా మద్యం రాబడి, చికిత్స బాధ్యత రెండూ రాష్ట్రానివే కావడం వల్ల, స్థానిక పర్యవేక్షణ లేనిచోట మొదటిది రెండవదాన్ని మింగివేసే ప్రమాదముంది.

5. ముగింపు:
ఈ లోటును పూరించడానికి కొత్త చట్టం అవసరం లేదు. సామాజికరంగ సంస్థలపై, సిబ్బందిపై, గిరిజన ఉపప్రణాళిక సహా స్థానిక ప్రణాళికలపై, వనరులపై అదుపును పెసాలోని అదే సెక్షన్ పేర్కొంటున్నది. ఆ నిబంధనల ఆధారంగా మత్తు నియంత్రణ తీర్మానంతోపాటే చికిత్సా ఏర్పాటును, దాని ఖర్చును గ్రామసభ ముందుంచవచ్చు. రంపచోడవరం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఆ లెక్కలు సమర్పించవచ్చు. అయితే ఒక హద్దు తప్పనిసరి. గ్రామసభ పరిశీలించవలసింది మందుల నిల్వను, వైద్యుని హాజరును, నిధుల వినియోగాన్ని మాత్రమే. రోగి పేరును కాదు. గోప్యత 2017 చట్టం ఇచ్చిన హక్కు. చిన్న ఊరిలో అది భంగమైతే వైద్యం కోసం వచ్చేవారే ఉండరు. సేవపై ఊరి అజమాయిషీ, వ్యక్తికి గౌరవం అనే రెండూ కలిసినప్పుడే మన్యంలో స్వపరిపాలన అనే మాట అర్థవంతమవుతుంది.