శోకగీతానికీ హుషారుకీ మధ్య
2005 సెప్టెంబర్ 15 రాత్రి న్యూ ఆర్లీన్స్ జాక్సన్ స్క్వేర్‌లో జార్జ్ బుష్ చేసిన ప్రసంగం మొన్న మళ్ళీ చూశాను. కత్రీనా తుఫాను తీరం దాటి 17 రోజులు. ఊళ్ళో చాలావరకు చీకటే. ఆయన వెనక కెథీడ్రల్ మాత్రం తెచ్చిపెట్టిన జనరేటర్ల వెలుగులో మెరుస్తోంది. ప్రసంగం బాగా రాశారు, కాదనను. అక్కడి పేదరికానికి జాతి వివక్షలో వేళ్ళున్నాయనడం, ప్రభుత్వ వైఫల్యానికి బాధ్యత తనదేననడం చిన్న మాటలు కావు. నాకు మింగుడుపడనిది ముగింపు. జాజ్ కళాకారుల అంతిమయాత్రలో ముందు శోకగీతం, తర్వాత ‘సెకండ్ లైన్’ హుషారు; గల్ఫ్ తీరం ఇంకా శోకగీతంలోనే ఉన్నా, ఆ హుషారూ చూస్తాం అన్నాడు. పోలిక అందమైందే. కానీ బ్యాండు పాట మార్చేది శవాన్ని సాగనంపాకే కదా! ఆ రాత్రికి ఇళ్ళల్లోంచి ఇంకా శవాలు తీస్తూనే ఉన్నారు.