అధునాతనం: ఒక మాట పనితనం

విశాఖపట్నంలో 'మోడర్న్' అన్న మాటకు చేతినిండా పని. రేవులోకి కొత్త క్రేన్ వచ్చినా, ఉక్కు కర్మాగారంలో కొలిమి బాగుచేసినా 'అధునాతన', 'ఆధునికీకరణ' అనకుండా వార్త ముగియదు. ఇంతగా వాడే మాటను ఒకసారి విప్పి చూస్తే, లోపలి అతుకు ఎంత నున్నగా ఉందో తెలుస్తుంది.

లాటిన్‌లో 'మోడుస్' అంటే కొలత. దాన్నుంచి పుట్టిన 'మోడో'కు 'అంతమాత్రమే' అనీ 'ఇప్పుడిప్పుడే' అనీ అర్థాలు. 'హోడియే' అంటే ఈ రోజు, 'హోడియెర్నుస్' అంటే నేటిది. ఆ జంటను చూసే 'మోడో' నుంచి 'మోడెర్నుస్' అల్లారు. 5వ శతాబ్దం చివర ఈ మాట తొలిసారి కనిపిస్తుంది. 6వ శతాబ్దంలో కాసియొడోరస్ అనే రోమన్ రచయిత ప్రాచీనులను ఒక పక్క, తన కాలంవాళ్లను ఒక పక్క నిలబెట్టడానికి దీన్ని వాడుకున్నాడు. తర్వాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరింది. మోడల్, మోడరేట్ దీని దాయాదులే. షేక్‌స్పియర్ నాటకాల్లో మాత్రం దీనికి 'మామూలు' అన్న అర్థం కూడా ఉంది. నేటిది అందరికీ తెలిసిందే కదా!

సంస్కృతం కూడా ఇదే దారిలో నడిచింది. 'అధునా' అంటే ఇప్పుడు. దానికి 'తన' చేరిస్తే అధునాతనం. కాలం చెప్పే అవ్యయాలకు ఈ తోక ఎలా తగిలించాలో పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో సూత్రం ఉంది. పురా నుంచి పురాతనం, చిరం నుంచి చిరంతనం, సనా నుంచి సనాతనం. బద్ధశత్రువుల్లా కనిపించే సనాతనం, అధునాతనం నిజానికి ఒకే అచ్చులో తీసిన ఇటుకలు.

అదే 'అధునా'కు 'ఇక' చేరితే మొదటి అచ్చు సాగి 'ఆధునిక' అవుతుంది. దినం దైనికం, వర్షం వార్షికం అయినట్టే ఇదీను. 'తన' చేరినప్పుడు మొదటి అచ్చు కదలదు. పురాతనం 'పౌరాతనం' కాలేదుగా! అందుకే 'ఆధునిక'లో దీర్ఘం, 'అధునాతన'లో హ్రస్వం. బోర్డుల మీద తరచు కనిపించే 'ఆధునాతన' ఈ రెంటినీ కలగలిపిన తప్పు.

తెలుగు ఎవరినీ అడక్కుండా తన పని తాను చేసుకుంది. ఇప్పుడు, ఇప్పటి. నేడు, నేటి. నిన్న, నిన్నటి. రేపు, రేపటి. చివర ఒక్క 'టి'తో సరి.

రెండు సంస్కృత మాటలనూ తెచ్చుకున్నాక వాటికి వేర్వేరు పనులు అప్పగించడం వాడుక చూపిన నేర్పు. ఆధునికం ఒక యుగాన్ని చెబుతుంది, అధునాతనం నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. 1910లో 'ముత్యాల సరాలు' వెలువరించిన గురజాడ, అదే ఏడు విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ఎప్పటికీ ఆధునిక కవులే. వాళ్లను 'అధునాతన కవులు' అంటే నవ్వుతారు. 1910 నాటి క్రేన్‌ను అధునాతనమన్నా నవ్వుతారు.

1933లో తెరిచిన విశాఖ రేవు ఆనాటికి అధునాతనమే. దాని ముఖద్వారం దగ్గర అలల జోరు ఆపడానికి రెండు పాత ఓడలను ముంచారు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఎర్రగా కాలిన కోకును నీళ్లు చల్లకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించే పద్ధతి మొదటి నుంచీ అక్కడ ఉంది. అంత కొత్తదనంతో మొదలైన కర్మాగారంలోనే గోదావరి, కృష్ణ అన్న పేర్లున్న తొలి రెండు బ్లాస్ట్ ఫర్నేస్‌లకు తర్వాత ఆధునికీకరణ అవసరమైంది. అందులో మాట తప్పేమీ లేదు. అది హామీ ఇచ్చింది 'ఇప్పుడు' ఒక్కదానికే. రేపటి పూచీ ఏ ప్రత్యయంలోనూ లేదు.

కాబట్టి పత్రికలవాళ్లకూ, బోర్డులు రాసేవాళ్లకూ ఒక మనవి. 'అధునాతన' అని హ్రస్వంతో రాయండి, పక్కనే ఏ సంవత్సరం నాటిదో కూడా వేయండి.