పలక వెనుక పనితనము

పాతబస్తీలో మదీనా కూడలి దాటి పత్థర్‌గట్టీ త్రోవ పట్టిన బాటసారికి, ఇరుప్రక్కల అంగళ్ళ సందడి నడుమ, బాదుషాహీ అషూర్‌ఖానా ద్వారము సులభముగ కంటబడదు. కాని ఒక్కసారి ఆ ప్రాంగణమున అడుగిడి, పాదరక్షలు విడిచి, కొయ్య స్తంభముల మండపము గడచి లోపలి గోడల యెదుట నిలిచినవానికి చాలసేపు కాలు కదలదు. హైదరాబాదు నగరము వెలసిన 1591 పిమ్మట కొలది యేండ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ శోకమందిరమున, 1611 ప్రాంతమున అమర్చిన రంగుపలకల కూర్పు, మొహర్రము నాళ్ళలో నిలుపు అలముల రూపములను, షడ్భుజముల అల్లికలను నీలము, పసుపు, ఆకుపచ్చ, తెలుపు వన్నెలతో నేటికిని వెలార్చుచున్నది.

దక్కనులో ఈ విద్యకు మునుపే బీదరు ఆశ్రయమిచ్చినది. మహమూద్ గవాను 1472లో అచట కట్టించిన మదర్సా ముఖభాగమున పారశీకపు పలకలు కొన్ని యింకను మిగిలియున్నవి. ఒక్కొక్క వర్ణము కొలిమిలో ఒక్కొక్క వేడికి పండును గనుక, పారశీక సంప్రదాయమున పలకలను ఏ రంగున కా రంగు విడిగ కాల్చి, కాగితముపై గీచిన చిత్తరువును తునకలుగ కత్తిరించి, ఆ తునకలను పలకల కంటించి, వాని యంచు వెంబడి చిన్న సుత్తెతో పొడిచి పొడిచి కోయుదురు. నేర్పంతయు ఇక్కడనే యున్నది. ప్రతి ముక్క వీపును లోనికి ఏటవాలుగ చెక్కుటచే, ముందువైపు రెండు రంగుల నడుమ వెండ్రుక దూరనంత సన్నని సంధియే మిగిలినను, వెనుక మాత్రము గారకు చోటు దొరకును. అట్టి ముక్కలను చిత్తరువుపై బోర్లించి పేర్చి, వీపున గార పోసి, గట్టిపడిన పిదప ఫలకమంతటిని ఎత్తి గోడకు అమర్చుదురు. పనివాడు తన చిత్రమును వెనుకనుండియే నిర్మించును. దాని ముఖము వానికి చిట్టచివరకు గాని కనబడదు. మన ప్రాంతపు డంగుసున్నము, కరక్కాయ నీటితోను బెల్లపు నీటితోను కలిపి నూరినది, ఎంతటి ఓర్పుతో పనిచేయునో పాత కట్టడముల గోడలే చెప్పుచున్నవి. పొదుగు పనికి ప్రాణము కంటికి కనబడని ఆ వెనుకటి పట్టునందే కలదని నా నమ్మకము.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినప్పుడు అషూర్‌ఖానాలోనికిని నీరు చొచ్చి, గోడల క్రిందిభాగపు పలకలను పాడుచేసినది. పిదప ఆ మేరకు పాత నమూనా ననుసరించి రంగులు పూసిరి. నేను పోయిన ప్రతిసారి ఆ రెండును కలియు చోట వంగి చూచుచుందును. ప్రక్కనుండి వెలుతురు పడినపుడు, పైనున్న తునకలలో ఒక్కొక్కటి ఒక్కొక్క వాలున నిలిచి, ఒకటి మెరయుచుండగ దాని పొరుగుది మసకగ నుండును. క్రింది పూత అంతయు నొక్క తీరుగ చదునుగ నుండును. గీత తప్పలేదు, రంగు తప్పలేదు. అయినను చూపు దానిపై నిలువక మరల పైకే పోవును.

గోడనుండి నేలకు దిగినచో పరీక్ష మరింత కఠినమగును. వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు వేయుట తగ్గి, గేటునుండి వరండా దాక కాంక్రీటు పరచు కాలము వచ్చినది. ఆ కాంక్రీటులోనే ఒక పద్మమునో ఎనిమిది కోణముల నక్షత్రమునో పొదిగించుకొనదలచు గృహస్థునకు బూడిదవన్నె షాబాదు బండ, పసుపువన్నె తాండూరు బండ దొరకుచుండగ, వేరు సామగ్రి వెదకనక్కరలేదు. నాలుగంగుళముల మందమున కాంక్రీటు పోయునపుడే, నమూనా ఆకారమున కోసిన కొయ్యచట్రమునకు నూనె రాచి, రాతి మందముకన్న అర అంగుళము లోతుగ దింపి, గట్టిపడిన పిమ్మట ఊడదీసినచో గాడి యేర్పడును. దాని యడుగును ఉలితో గరుకుచేసి, బాగుగ తడిపి, సిమెంటుపాలు పూసి, అవి ఆరకమునుపే మాలు పరచి ముక్కలను దింపవలెను. కాంక్రీటు ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. అందుకై వదలిన సంధి మీదుగ పద్మపు రేకు అడ్డముగ పోయెనా, ఆ రేకు నేడో రేపో చీలును. రేకుల అంచులే సంధులపై పడునట్లు ముందుగనే నమూనా గీచుకొను మేస్త్రిని నేను మనసార గౌరవింతును.

వారము దినములకు పైగ నీరు కట్టి తడిపిన పిదప, అట్టి మేస్త్రి మోకాళ్ళపై కూర్చుండి, సుత్తి పిడితో ఒక్కొక్క ముక్కను తట్టి చెవియొగ్గును. గట్టి చప్పుడు వచ్చినచో ముందునకు జరుగును. డొల్ల పలికినచో, పైకి ఎంత సొగసుగ నున్నను, ఆ ముక్కను పెకలించి, అడుగును గీకి, మాలు తిరిగి వేసి, మరల మొదటినుండి దింపును.