ప్లగ్గునకు రాని నిప్పురవ్వ

ప్రాతబడిన అంబాసిడరు కారు ఒకటి, సెల్ఫు చక్కగా తిరుగుచుండగా, కార్బురేటరునకు పెట్రోలు అందుచుండగా, ఏ కారణముననో స్టార్టు గాక మొరాయించి నిలిచినపుడు, దాని చుట్టు చేరిన వారిలో ప్రతి యొక్కరును ఏదో ఒక వస్తువును మార్చుమని చెప్పుదురు గాని, చెడినదేదో ముందుగా తెలిసికొందమని చెప్పువారు మిక్కిలి అరుదు. "కాయిల్ పోయుంటుందండీ, కొత్తది వేసేద్దాం" అని ఒకరు, "కాదు, కండెన్సరు మార్చి చూడండి" అని మరియొకరు. ఈ తొందరపాటు నాకు నిజముగా బాధ కలిగించును. ఏలయన, చెడని భాగమును ఊడదీసి దానికంటె నాసి యైన క్రొత్తదానిని బిగించినచో, ఒక్క దోషమున్న బండిలో రెండు దోషములు చేరును, ఆ రెండవదానిని క్రొత్తదను నమ్మకముచే ఎవ్వరును అనుమానింపరు.

నిప్పురవ్వ ఎందులకు రాలేదని విచారించువాడు, అది అసలు ఎట్లు పుట్టునో మనస్సున స్పష్టముగా నిలుపుకొనవలెను. పాయింట్లు అనబడు రెండు లోహపు ముఖములు కలిసియున్నంత సేపు 12 వోల్టుల బ్యాటరీ నుండి వచ్చు కరెంటు కాయిలులోని లావు తీగచుట్టలో ప్రవహించి, నడిమి ఇనుమును అయస్కాంతముగా చేయును. డిస్ట్రిబ్యూటరు ఇరుసు మీది క్యాము ఆ పాయింట్లను విడదీసిన క్షణముననే అయస్కాంత క్షేత్రము కూలిపోయి, సన్నని తీగతో వేలకొలది చుట్లు చుట్టిన రెండవ చుట్టలో వేల వోల్టులను పుట్టించును. అనగా రవ్వ పుట్టునది కలయికచే గాదు, ఎడబాటుచే. 1831లో ఫారడే కనుగొనిన ఈ ప్రేరణ సూత్రమును చార్లెస్ కెటరింగు 1910 నాటి క్యాడిలాక్ కారునకు అనువుగా మలచెను. ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా పెట్రోలు కార్లు చాలవరకు ఆ ఏర్పాటుతోనే నడచినవి. పాయింట్ల సరసనుండు చిన్న కండెన్సరే లేనిచో, విడిపోవు పాయింట్ల నడుమనే కరెంటు మెరిసి వృథా యగును, క్షేత్రము మెల్లమెల్లగా క్షీణించును, ప్లగ్గు వద్ద దుర్బలమైన పసుపుపచ్చని మెరుపు తప్ప మరేమియు కానరాదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఈ కలయికయు ఎడబాటును సెకనునకు 100 మారులు జరుగుచుండును. ఇంత సున్నితమైన పని ఇన్ని దశాబ్దములు ఇంత నమ్మకముగా జరిగినందులకు నేనిప్పటికిని ఆశ్చర్యపడుచుందును.

నేను మెచ్చుకొను పద్ధతి, బ్యాటరీ నుండి ప్లగ్గు వరకు గల త్రోవలో సరిగా నడుమ నిలిచి, ఒక్క ప్రశ్నతో సగము భాగమును విచారణ నుండి తొలగించుట. డిస్ట్రిబ్యూటరు మూత నడిమిలోనికి పోవు లావు వైరును పెరికి, రబ్బరు పిడుల ప్లయరుతో పట్టుకొని, దాని కొనను ఇంజను ఇనుమునకు పావు అంగుళము ఎడముగా నుంచి, సెల్ఫు కొట్టించవలెను. నీలి రవ్వ టపటప దూకినచో కాయిలును పాయింట్లును నిర్దోషులు; దోషము రోటారులోనో, మూతలోపల తేమచేతనో బీటచేతనో ఏర్పడిన నల్లని చారలోనో, ప్లగ్గుల వైర్లలోనో యుండును. రవ్వ దూకనిచో శోధన వెనుకకు మరలవలెను, అప్పటికి చిన్న టెస్టులైటు చాలును.

గత వర్షాకాలమున మిత్రులొకరి అంబాసిడరు ఇట్లే నిలిచిపోయెను. 1489 సి.సి. ఇంజను, మారిస్ ఆక్స్‌ఫర్డు కారు వంశమునుండి అంబాసిడరు తయారైన ఉత్తరపారాకు వచ్చినది. ఆయన క్రొత్త కాయిలు కొనితెచ్చుటకు మనిషిని పంపబోవుచుండగా, వృద్ధుడైన మేస్త్రి ఒకరు వలదని వారించి, టెస్టులైటు ఒక కొనను బాడీకి తగిలించి, రెండవ కొనను కాయిలు నుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు తీగ మొదట నుంచిరి. దీపము వెలిగినది, అనగా బ్యాటరీ, స్విచ్చి, కాయిలులోని లావు చుట్ట, మూడును సరిగానే యున్నవి. ప్లగ్గులు విప్పి ముందునుండి హాండిలు త్రిప్పించిరి. పాయింట్లు కలిసినపుడు ఆరి, విడినపుడు వెలుగవలసిన ఆ దీపము ఆరకయే నిలిచెను. పాయింట్ల సందు ఫీలరు గేజికి అంగుళములో వేయింట పదునైదు వంతులు సరిగా వచ్చినది, ముఖములు శుభ్రముగా నుండెను. అప్పుడాయన దీపపు కొనను పాయింటు స్ప్రింగునకు ఆనించి, పాయింట్లు మోయు పలకను వ్రేలితో ఇటునటు కదలించిరి.

"అయ్యగారూ, దీపం చూడండి" అనిరి. అది వెలుగుచు, ఆరుచు నుండెను.

దోషము పాయింట్లకు కరెంటు తెచ్చు జానెడైనను లేని మెత్తని తీగలో నున్నది. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి పోగులు మాత్రము తెగియున్నవి. యాక్సిలరేటరు నొక్కి వదలినప్పుడెల్ల వాక్యూము గొట్టము ఆ పలకను కొంచెము త్రిప్పును, పలకతో బాటు ఈ తీగయు వంగుచుండును. ఏండ్ల తరబడి ఒకే చోట వంగిన రాగికి ఇది వయోధర్మమే గాని ఎవరి తప్పును కాదు. పలకను బాడీతో కలుపు ఎర్తు జడకును ఇదే గతి పట్టును గనుక, మేస్త్రి దానిని కూడ లాగి చూచిరి. చేతికందిన ఇంటి కరెంటు వైరు ముక్కను అచట వేయుట తగదు. ఆ బిరుసు తీగ పలకను కదలనీయదు, త్వరలోనే తానును తెగును. సన్నని పోగులు పెక్కు గల మెత్తని తీగనే వేయవలెను.

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ పరికరము పెట్టించుకొనుమని నేడు చాలమంది సలహా చెప్పుదురు. దినదినము దూరప్రయాణములు చేయువారికి అది మంచిదే. కాని ప్రాతకారును ప్రేమించి ఉంచుకొనువారిని నేను పాయింట్లనే ఉంచుకొనుడని కోరుదును. ఆ పరికరము చెడినచో మార్చుట తప్ప గత్యంతరము లేదు, పాయింట్లు చెడినచో రోడ్డు ప్రక్కన ఆకురాయితోను టెస్టులైటుతోను బండిని బాగుచేసి ఇల్లు చేరవచ్చును.