నద్రోగాకు టీవీ వచ్చినప్పుడు

తెర మీది సన్నటి ఒళ్లు చూసి ఆడపిల్లలు తమ ఒంటిని తామే చిన్నచూపు చూసుకుంటున్నారని అందరం అంటాం. రుజువు చేయడమే కష్టం. పోల్చి చూద్దామంటే టీవీ ఎరగని పిల్లలు ఎక్కడ దొరుకుతారు? హార్వర్డ్‌లో మానవశాస్త్రమూ మానసిక వైద్యమూ రెండూ తెలిసిన ఆన్ బెకర్ ఈ చిక్కుముడి విప్పిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

ఫిజీలోని నద్రోగా ప్రాంతానికి టీవీ ప్రసారాలు 1995లో చేరాయి. చేరిన కొద్ది వారాలకే ఆమె బృందం అక్కడి హైస్కూలు ఆడపిల్లలు 63 మంది చేత ఒక ప్రశ్నావళి నింపించింది. మూడేళ్లు దాటాక, 1998లో, మరో 65 మందిని అవే ప్రశ్నలు అడిగింది. తిండి విషయంలో కలవరపడాల్సినంత మార్కులు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. రెండోసారి 11.3 శాతం.

సమయం కలిసొచ్చిందంతే అనుకుంటే పొరపాటు. బెకర్ 1980ల చివర్లోనే ఫిజీ పల్లెల్లో ఉండి, అక్కడివాళ్లు ఒంటిని ఎలా చూస్తారో ఓపిగ్గా రాసుకున్నారు. నిండుగా ఉన్న మనిషి వెనుక బాగా చూసుకునే కుటుంబం ఉందని వాళ్ల లెక్క. పిల్ల చిక్కిపోతే అది ఆ పిల్ల ఒక్కదాని సంగతి కాదు, చుట్టూ ఉన్నవాళ్లంతా తలదించుకోవాల్సిన సంగతి. (మన పల్లెల్లోనూ చిక్కిన బిడ్డను చూస్తే ముందు తల్లినే కదా నిలదీసేది!) ఏది చెదిరిందో చెప్పాలంటే చెదరకముందు చూసి ఉండాలి. ఆమె చూశారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది, అంకెలు చేతికొచ్చాక కూడా ఆమె ఆగకపోవడం. పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్లకు కావాల్సింది అందం ఒక్కటే కాదని అక్కడ తేలింది. విదేశీ సీరియళ్లలోని ఆడవాళ్లకు ఉద్యోగాలున్నాయి, సొంత బతుకుంది, సన్నటి ఒళ్లూ ఉంది. అలాంటి బతుక్కి దారి ఆ ఒంట్లోంచే వెళ్తుందని ఈ పిల్లలు నమ్మారు. మారుతున్న లోకంలో చోటు వెతుక్కుంటున్న పిల్లల ఆశ అది. ప్రశ్నావళి ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఆ ఆశ ఆమెకు వినిపించేదే కాదు.

పనిలోని హద్దులనూ ఆమె దాచలేదు. రెండుసార్లూ అడిగింది ఒకే పిల్లలను కాదు, సంఖ్యా చిన్నదే. కాబట్టి తప్పంతా టీవీదేనని ఈ అధ్యయనం తీర్పివ్వలేదు. 2002లో అచ్చయిన ఆ వ్యాసంతో ఆమె ఫిజీని వదిలిపెట్టనూ లేదు. 2011లో మరింత పెద్ద సర్వేతో వచ్చారు. పిల్ల తాను ఎంత చూస్తుందన్నది ఒక్కటే చాలదని, ఆమె స్నేహితురాళ్లు ఎంత చూస్తున్నారన్నదానికీ తిండి గురించిన ఆ కలవరానికీ సంబంధం ఉందని అందులో బయటపడింది. ఇంట్లో టీవీ కట్టేసి నిశ్చింతగా ఉండే అమ్మానాన్నలు ముందుగా చదవాల్సింది ఆ రెండో వ్యాసమే.