పీడనం తగ్గినంత మాత్రాన గొట్టం కారినట్లేనా?

అమెరికా, స్వీడన్ వంటి దేశాలలో అనేక గృహాలకు భూమినుండి వేడిని గ్రహించు ఏర్పాటు కలదు. పెరటిలో పాతిన పాలిథిలీన్ గొట్టపు చుట్టలో, గడ్డకట్టకుండుటకై వేరొక ద్రవం కలిపిన నీరు ప్రవహించును. ఇంటిలోని హీట్ పంపు ఆ నీటినుండి వేడిని తీసి గదులకు అందించును.

ఈ ఏర్పాటును గూర్చి సామాన్యులకై వ్రాయబడు వివరణలలో ఒక గుణం, ఒక దోషం తరచుగా కనిపించును. 1852లో కెల్విన్ సూచించిన హీట్ పంపు సూత్రాన్ని అవి చక్కగా బోధించును. కాని గొట్టం కారుచున్నదా అని పరీక్షించు ఘట్టానికి వచ్చుసరికి, "పీడనమాపకపు ముల్లు దిగినచో గొట్టం కారుచున్నట్లే" అని ఒక్క వాక్యంతో ముగించును. ఇది పరీక్ష కాదు, తొందరపాటు.

మన పాఠశాలలలో చేయు ప్రయోగ మొకటి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నీరు నిండిన గాజు కుప్పెను వేడిచేసినపుడు, సన్నని గొట్టంలోని నీటిమట్టం మొదట కొంచెం దిగి, పిదప పైకి లేచును. ముందుగా పాత్ర వ్యాకోచించుటయే దీనికి కారణం. గాజు వ్యాకోచం స్వల్పం గనుక అక్కడ నీరు త్వరలోనే దానిని మించిపోవును. పాలిథిలీన్ విషయం వేరు. 100 లీటర్ల నీటిని 5 డిగ్రీల నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేసినచో, అది సుమారు 0.3 లీటరు పెరుగును. గొట్టం స్వేచ్ఛగా వ్యాకోచించగలిగినచో, దాని లోపలి చోటు అంతే మార్పుకు దాదాపు ఒక లీటరు పెరుగును. కనుక వేసవిలో ఒక్క చుక్కయైనా కారకుండగనే పీడనం తగ్గవచ్చును; చలికాలంలో తిరిగి హెచ్చవచ్చును. ఇదిగాక, క్రొత్తగా పీడనం కల్పించినపుడు గొట్టం మెల్లగా సాగును. లోపల చిక్కిన గాలి వెలుపలికి పోయినను ముల్లు దిగును.

మరి సరియైన పరీక్ష ఏది? పంపు ఆపి, పీడనంతోపాటు ఉష్ణోగ్రతను కూడ కొన్ని దినములు వ్రాసి ఉంచవలెను. ముందుగా ఇంటిలోని అతుకులను, పంపు బిగింపులను పొడి కాగితంతో తుడిచి చూడవలెను. పిదప కవాటములు మూసి, ఇంటి భాగాన్ని, భూమిలోని భాగాన్ని వేరుచేసి, ఒక్కొక్కదాని పీడనాన్ని గమనించవలెను. ఉష్ణోగ్రత మారకున్నను భూభాగపు పీడనం ఎడతెగక తగ్గుచున్నచో అనుమానం బలపడును. సాగుటవలన కలుగు తగ్గుదల నానాటికి మందగించును. కారుటవలన కలుగునది, నీరు పోసిన ప్రతిసారి మరల మొదలగును.

ఈ భేదం తెలియకున్న నష్టం రెండు విధములు. దోషం లేని గొట్టానికై పెరడంతా త్రవ్వుట ఒకటి. నిజముగా కారుచున్నదానికి ఊరక నీరు పోయుచుండుట రెండవది. అపుడు గడ్డకట్టనీయని ద్రవం పలుచనై, చలిలో హీట్ పంపులోని నీరు గడ్డకట్టి యంత్రమే చెడవచ్చును. కారిన ద్రవం నేలలోనికి ఇంకుట వేరొక కీడు.

యంత్రం పనిచేయు విధమును చెప్పుటతో శాస్త్రబోధ పూర్తికాదు. ఒకే ఫలితానికి పలు కారణములుండునని, వాటిని ఒక్కొక్కటిగా తొలగించి చూడవలెనని నేర్పినపుడే అట్టి రచన విద్యార్థికి అక్కరకు వచ్చును.